టెంపో స్టార్ట్ కాకపోతే డ్రైవర్ జీతం కోస్తారా?



పోయిన ఆదివారం సంఘం మీటింగులో ఒక పెద్దమనిషి లేచి, "డ్రైవర్లు సరిగ్గా నడపకనే పాత 407ల పంపులు పోతున్నాయి, ఖర్చు వాళ్ల పగారులోనే పట్టుకోవాలి" అన్నారు. చాలామంది తలలూపారు. మైకు మా దాకా రాలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాము. పొడుగవుతుంది, చాయ్ పెట్టుకుని కూర్చోండి. మా చదువు సేలంలో తమిళ మీడియం, ఉద్యోగం రైల్వేలో గుమాస్తా. అచ్చ తెలుగు మాట దొరకని చోట గ్యారేజీలో అనే మాటే రాస్తాము.

సెల్ఫ్ గట్టిగా తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. అలాంటి పాత డీజిల్ బండి ముందు నిలబడి, బానెట్ సరిగ్గా ఎత్తకముందే "పంపు పోయింది" అనేవాణ్ణి మేము మెకానిక్ అనము. ఆ ఒక్క మాట నమ్మి డ్రైవర్ జీతం కోసేవాణ్ణి మంచి మాలక్ అని కూడా అనము. ఇద్దరికీ కోపం వచ్చినా సరే.

జరిగింది చెప్తాము, పేర్లు వద్దు. మా గల్లీలో ఒక అబ్బాయి టవల్ కార్ఖానాలో 407 నడుపుతాడు. పొద్దున సైజింగ్ నుంచి భీములు తెస్తాడు, సాయంత్రం గాఠాళ్లు ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్‌లో దింపుతాడు. ఒకరోజు పొద్దున మా దగ్గరికి వచ్చి, "కాకా, సెల్ఫ్ మంచిగనే కొడ్తది, గాడీ మాత్రం చాలూ అయితలేదు" అన్నాడు. మాలక్ పిలిపించిన మెకానిక్ చూసీ చూడగానే పంపు అన్నాడు. పంపు విప్పి సర్వీసుకు పంపారు. నాలుగు రోజులు పోయాయి. తెచ్చి బిగించి, గాలి తీసి, సెల్ఫ్ కొడితే బండి లేచింది. చూశావా పంపే అన్నారు. మర్నాడు పొద్దున మళ్లీ అదే కథ. ఈసారి నాజిళ్లు విప్పారు. బిగించి గాలి తీశాక మళ్లీ లేచింది. మూడో రోజు పొద్దున మళ్లీ లేవలేదు. కొట్టి కొట్టి సెల్ఫ్ మోటారు కాల్చేశారు. దాని బిల్లు వేరే.

బండిని రెండుసార్లు లేపింది పంపు సర్వీసూ కాదు, నాజిల్ సర్వీసూ కాదు. రెండుసార్లూ చివర్లో చేసిన పని ఒకటే, లైన్లో గాలి తీయడం. రాత్రంతా నిలబడితే ఎక్కడినుంచో గాలి దూరి, డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతోంది. పొద్దున పంపుకు అందేది గాలే. ఎస్టీ డిపోలో పనిచేసి రిటైరైన ఒకాయన వచ్చి, ఐదు లీటర్ల డబ్బాలో డీజిల్ పోసి, ఎత్తులో కట్టి, వేరే పైపుతో నేరుగా ఫీడ్ పంపుకు కలిపారు. హ్యాండ్ పంపు కొట్టి గాలి తీసి సెల్ఫ్ తిప్పితే బండి లేచింది, ఆగకుండా నడిచింది. అంటే ఫీడ్ పంపు నుంచి నాజిల్ దాకా అన్నీ బాగున్నాయి, తప్పు ట్యాంకు వైపు ఉంది. వెతికితే క్లిప్పు కింద రబ్బరు పైపు ఎండి సన్నగా చిట్లి కనిపించింది. ఒక గజం పైపు, రెండు క్లిప్పులు. అంతే.

పంపు, నాజిళ్లు, సెల్ఫ్ మోటారు ఖర్చు మాత్రం ఆ అబ్బాయి జీతంలో నెలకు మూడు వేల చొప్పున ఇప్పటికీ పోతోంది.

మగ్గం మీద బతికిన మనకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. పవర్‌లూమ్ ఆగితే ముందు ఏం చూస్తాము? పేక తెగిందా, కండె అయిపోయిందా, పడుగులో పోగు తెగిందా అని చూస్తాము. జాబర్ వచ్చి, అవేవీ చూడకుండా, జకార్డు పెట్టె మొత్తం దింపి రిపేరుకు పంపుతానంటే ఊరుకుంటామా? వాడి పాన చేతిలోంచి లాక్కుంటాము. టెంపో దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుంది?

డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్ లేదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో నడిపి చూపించినప్పటి నుంచీ సూత్రం ఇదే: గాలిని గట్టిగా నొక్కితే అదే వేడెక్కుతుంది, ఆ వేడిలోకి డీజిల్ చిమ్మితే మండుతుంది. మన పాత బండ్లలో గాలిని ఇంచుమించు పదిహేడో వంతుకు నొక్కుతారు, వేడి 500 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి కావలసినవి గాలి, నొక్కుడు, సమయానికి డీజిల్. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోందంటే బ్యాటరీనీ సెల్ఫ్‌నీ పక్కన పెట్టేయొచ్చు. నీరసంగా తిరిగితే మాత్రం ముందు బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్ వైరు చూడాలి, ఎందుకంటే మెల్లగా నొక్కితే గాలి చాలినంత వేడెక్కదు.

తర్వాత చూడాల్సింది సైలెన్సర్. ఒకరు సెల్ఫ్ కొట్టాలి, ఇంకొకరు వెనక నిలబడి పొగ చూడాలి. దీనికి పైసా ఖర్చు లేదు. పొగ అసలు రాకపోతే డీజిల్ సిలిండర్ దాకా పోవడం లేదు. ఘాటు డీజిల్ వాసనతో తెల్లపొగ వస్తుంటే డీజిల్ పోతోంది కానీ మండటం లేదు. అప్పుడు నొక్కుడు, టైమింగ్, నాజిల్, డీజిల్లో నీళ్లు, హీటర్ ప్లగ్గులున్న బండైతే అవి చూడాలి. "చలికి లేవలేదు సాబ్" అనే మాట డిసెంబరు తెల్లవారుజామున చెప్తే వింటాము. ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటే మన సోలాపూర్‌లో ఎవరికి చెప్తారు? నల్లపొగ కక్కుతుంటే గాలి దారి చూడండి. కార్ఖానాల ముందు నిలబడే బండ్ల ఎయిర్ ఫిల్టర్లలో దుమ్ముతో పాటు దూది నుసి కూడా పేరుకుంటుంది.

ఆ అబ్బాయి బండికి పొగ రాలేదు. ఆ సంగతి మొదటి రోజే చెప్పాడు, ఎవరూ వినలేదు.

పొగ లేని బండికి డీజిల్ దారి ట్యాంకు నుంచి మొదలుపెట్టి నడవాలి, నాజిల్ నుంచి వెనక్కి కాదు. ట్యాంకులో డీజిల్ ఉందా? ముల్లు చూపించేది నమ్మొద్దు, కర్ర ముంచి చూడండి. మూతలో గాలి రంధ్రం మూసుకుందా? మూత తీసి ఒకసారి సెల్ఫ్ కొట్టండి. ట్యాంకు లోపలి జాలీలో చెత్త ఉందా? ఫిల్టర్ గిన్నె కింద స్క్రూ వదిలి గాజు సీసాలోకి పట్టండి. నీళ్లుంటే అడుగున వేరుగా కనిపిస్తాయి. ఇంజను ఆపే తీగ గుంజిన చోటే ఇరుక్కుని ఉందా? పాత బండ్లలో ఈ తీగ తుప్పుపట్టి వెనక్కి రాదు. పంపు పక్కన మీట ఆపే వైపే ఉండిపోతుంది, అప్పుడు నువ్వు రోజంతా సెల్ఫ్ కొట్టినా చుక్క రాదు. తీగకు బదులు సోలనాయిడ్ ఉన్న బండైతే తాళం తిప్పగానే "టక్" మని వినపడాలి. ఆ టక్ లేకపోతే వైరు చూడండి.

ఇంత చూశాక గాలి తీయండి. ఫిల్టర్ మీద స్క్రూ వదిలి, హ్యాండ్ పంపు కొడుతూ ఉంటే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగ లేని డీజిల్ వస్తుంది. బిగించి, పెద్ద పంపు మీద స్క్రూ దగ్గర మళ్లీ అదే చేయండి. ఎంత కొట్టినా బుడగలు ఆగకపోతే గాలి లాగే చోటు ఇంకా ఉందని అర్థం. ఇక్కడే చాలామంది మోసపోతారు. "ఎక్కడా డీజిల్ కారడం లేదు కదా, పైపు బాగానే ఉంది" అంటారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్నది పీల్చే వైపు. అక్కడ చిల్లి పడితే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. పైపు పొడిగా ఉన్నా తప్పు అందులోనే ఉండొచ్చు. వాడిన రాగి వాషర్లనే మళ్లీ మళ్లీ వేస్తే అక్కడా ఇదే గొడవ.

ఇక పంపు సంగతి. పంపులు పోవని మేము అనడం లేదు. మన గ్యారేజీల్లో ఇప్పటికీ అందరూ మికో పంపు అనే అంటారు; బెంగళూరులో 1951లో మొదలైన ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారింది, మన నాలుక మీద మారలేదు. మికో పంపైనా అరిగిపోతుంది, అందులో నీళ్లు పోతే తొందరగా పోతుంది. కానీ పంపును నిందించడానికి ఒక పద్ధతి ఉంది. పంపు నోటి దాకా బుడగలు లేని డీజిల్ వచ్చింది, ఆపే మీట స్వేచ్ఛగా ఉంది, నాజిల్ పైపుల నట్లు కాస్త వదిలి సెల్ఫ్ కొట్టినా అక్కడ డీజిల్ చిమ్మడం లేదు. అప్పుడు పంపు అనండి, మేమే పాన పట్టుకుని వస్తాము. (ఆ నట్లు వదిలినప్పుడు చేతులు, మొహం దూరంగా పెట్టాలి. పైపు చివరనో నాజిల్ నుంచో వచ్చే సన్నటి చిమ్ము చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పోతే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి.) అక్కరలేకుండా పంపు విప్పితే ఇంకో ప్రమాదం ఉంది. తిరిగి బిగించేటప్పుడు గుర్తు తప్పితే టైమింగ్ పోతుంది, అప్పటిదాకా లేని రోగం మనమే పెట్టినవాళ్లమవుతాము.

లేవని బండికి చేసే నాటు వైద్యాలు కూడా ఆపాలి. గాలి దారిలో పెట్రోలు గుడ్డ పెట్టడం, ఈథర్ కొట్టడం చూస్తున్నాము. అది మండే వేళ మన చేతిలో ఉండదు. పిస్టన్, రింగులు పగిలిన బండ్లున్నాయి, హీటరున్న ఇంజనులో అయితే మంట మొహానికే వస్తుంది. పది సెకన్లకు మించి సెల్ఫ్ పట్టుకోకూడదు, మధ్యలో ఒక నిమిషమైనా ఆగాలి. తాడు కట్టి లాగడం వల్ల లైన్లో ఉన్న గాలి పోదు.

"ముసలి బండి, అమ్మిపారేయండి" అనేవాళ్లు ఇంకో జట్టు. 15 ఏళ్లు దాటిన సర్కారు బండ్ల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దయింది, నిజమే. మన బండ్లకు ఫిట్‌నెస్ పాసైతే నడపొచ్చు. ఫిట్‌నెస్ కాకపోతే అమ్మండి, కాదనము. కానీ రబ్బరు పైపు చిట్లినందుకు బండిని తుక్కుకు వేస్తే, కొత్త బండి కిస్తీల భారం చివరికి ఎవరి కూలి మీద పడుతుందో కూడా చెప్పండి.

ఇప్పుడు జీతం మాట. మేము కొన్నేళ్లు డీజిల్ లోకో షెడ్ ఆఫీసులో కాగితాలు రాశాము. ఇంజను ఫెయిలైతే లోకో పైలట్ ఏం రాశాడు, షెడ్‌లో ఏం పరీక్షించారు, ఏం దొరికింది, ఏం మార్చారు, ఇవన్నీ విడివిడిగా రాయాలి. దొరికింది రాయకుండా మార్చింది రాస్తే పైవాళ్లు ఫైలు వెనక్కి కొట్టేవాళ్లు. ఉద్యోగి వల్ల నష్టం జరిగిందని జీతంలో రాబట్టాలన్నా 1968 నాటి రైల్వే క్రమశిక్షణ, అప్పీలు నియమాల ప్రకారం ముందు ఆరోపణ కాగితం మీద ఇచ్చి, అతని జవాబు తీసుకోవాలి. 1931 నాటి విట్లీ కమిషన్ నివేదిక తర్వాత వచ్చిన 1936 వేతనాల చెల్లింపు చట్టంలోనూ ఉండేది: నష్టం నేరుగా పనివాడి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, కోసే ముందు అతని మాట వినాలి. 2019 వేతన కోడ్‌లోనూ వినాలన్న ఆ షరతు ఉంది. మా కార్ఖానాకు ఇవి వర్తించవు అని వకీలును తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోండి. బట్టలో మరక ఉందని కూలి కోయించుకున్న తాతల మాటలు వినకుండా పెరిగిన ఇల్లు మన పూర్వ భాగ్‌లో ఏది? ఆ తాతల మనవలే ఇవాళ కత్తెర పట్టుకున్నారు.

ఆ అబ్బాయి పొగ లేదని చెప్పాడు. హ్యాండ్ పంపు కొడితే నురగ వస్తోందని కూడా చెప్పాడట. రోగం సగం అతనే చెప్పేశాడు. నిర్లక్ష్యం ఎవరిది?

వచ్చే మీటింగులో రెండు విషయాలు పెడుతున్నాము. ప్రతి టెంపోలో ఒక నోటుబుక్కు, అందులో నాలుగు గళ్లు: డ్రైవర్ చెప్పింది, చూసింది, దొరికింది, మార్చింది. మూడో గడి ఖాళీగా ఉంటే ఏ బిల్లూ డ్రైవర్ మీద వేయకూడదు. రెండోది, ఈ అబ్బాయి దగ్గర ఇప్పటిదాకా కోసిన డబ్బు నారళీ పౌర్ణమి రథోత్సవం లోపల తిరిగి ఇవ్వాలి. చిట్లిన ఆ రబ్బరు పైపు ముక్క మా ఇంట్లో ఉంది, మీటింగుకు తెస్తాము. తలలూపిన పెద్దలు ఈసారి చేత్తో పట్టుకుని, ఏ డ్రైవర్ ఎలా నడిపితే అది చిట్లుతుందో చెప్పాలి.