ఫ్రీజర్లోని నెత్తురు

1960లలో అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లంబర్గ్ దేశదేశాల రక్త నమూనాలు పోగుచేశారు. మందు కోసం కాదు, మనుషుల రక్తంలో తేడాలు చూద్దామని. ఒక ఆస్ట్రేలియా ఆదివాసి సీరంలోని వింత ప్రొటీన్, పలుమార్లు రక్తం ఎక్కించుకున్న హిమోఫిలియా రోగి సీరంతో చర్య జరిపి పరీక్షలో గీతగా కనిపించింది. అది హెపటైటిస్-బి వైరస్ పైపొర అని తర్వాత తేలింది. కాలేయ క్యాన్సర్ కారణాల్లో ఆ వైరస్ ముఖ్యమైనది. 1976లో ఆయనకు నోబెల్ దక్కింది. 1997లో హైదరాబాద్ సంస్థ శాంతా బయోటెక్నిక్స్ చవకగా తెచ్చిన టీకాకూ మూలం అక్కడే ఉంది.

ఆ కథంతా పోగుచేసిన రక్తంతోనే మొదలైంది. కానీ పరిశోధన అనగానే పత్రికల్లో యంత్రాల ఫొటోలే పడతాయి. నమూనా చూసుకునే టెక్నీషియన్ ఎవరికీ పట్టడు. రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, సీరంను చిన్న గొట్టాల్లో పంచి, మైనస్ 80 డిగ్రీల్లో ఉంచేది ఆయనే. ఒకే గొట్టాన్ని మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే కొన్ని ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ దెబ్బతింటాయి. క్యాన్సర్ రోగుల రక్తం ఒక తీరుగా, ఆరోగ్యవంతులది మరో తీరుగా నిలవచేస్తే పరీక్షలో కనిపించే తేడా నిల్వ తీరుదే కావచ్చు, క్యాన్సర్‌ది కాదు.

కాలేయ క్యాన్సర్‌ను రక్తంలో పసిగట్టే పాత సూచిక ఏఎఫ్‌పీ (ఆల్ఫా ఫీటోప్రొటీన్) 1960ల నాటిది. గర్భిణుల్లోనూ, హెపటైటిస్‌లోనూ పెరుగుతుంది. కొన్ని కణితుల్లో అసలు పెరగదు.

మెరుగైన సూచిక దొరకాలంటే కణితి పుట్టకముందు నుంచే సిరోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) రోగుల రక్తం ఏళ్ల తరబడి సేకరించాలి. అందుకే పరిశోధన నిధుల్లో ఆ టెక్నీషియన్ జీతం, ఫ్రీజర్‌కు జనరేటర్ డీజిల్ ఖర్చు మొదటి పద్దుగా రాయాలి.