జెర్సీ మీద పేరు పోయింది.. పిల్లాడి ఫోన్‌లో?

ఆ మధ్య మర్పల్లిలో మా ఓపీకి డిగ్రీ చదివే కుర్రాడిని తండ్రి తీసుకొచ్చారు. నిద్ర లేదు, ఆకలి లేదు, ఒకటే గుండెదడ. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు బాగానే ఉన్నాయి. తండ్రిని బయట కూర్చోమని, ‘క్రికెట్ మీద డబ్బులు పెడుతున్నావా?’ అని అడిగాను. తల దించుకున్నాడు. కంది అమ్మిన డబ్బులు తండ్రి ఖాతాలోంచి పోయాయి. ఆపైన లోన్ యాప్‌ల అప్పు. ‘మ్యాచ్ చూస్తుంటే యాడ్ వస్తుండె సార్. దోస్తులందరు ఆడుతున్నరని నేను గూడ ఆడిన’ అన్నాడు.

తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అయినా ఆ తర్వాత కూడా వాటి ప్రకటనలు ఐపీఎల్ ప్రసారంతో పాటు మన ఇళ్లలోకి వస్తూనే ఉన్నాయి. ‘తెలంగాణవారికి కాదు’ అన్న చిన్న అక్షరాలు పిల్లలకు కనిపిస్తాయా? 2020 ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్ డ్రీమ్11. 2023 నుంచి భారత జట్టు జెర్సీ మీదా అదే పేరు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాకే అది పోయింది. ఇప్పుడు అలాంటి ప్రకటన ఇస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా.

ఇక చాలనుకుందామా? నేను అనుకోను. 1996 క్రికెట్ ప్రపంచకప్ పేరు విల్స్ వరల్డ్ కప్. 2003 చట్టంతో సిగరెట్ ప్రకటనలు ఆగాయి. గుట్కా బ్రాండ్లు మాత్రం ఇలాచీ పేరుతో మళ్లీ వచ్చాయి. విదేశీ బెట్టింగ్ సైట్లదీ అదే దారి. వార్తల సైట్ల ముసుగులో ప్రకటనలు ఇస్తున్నాయని కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2022లోనే హెచ్చరించింది. అందుకే చట్టం ఉందని మనం నిశ్చింతగా ఉండలేం.

‘చదువుకున్న పిల్లలు, ఆ మాత్రం తెలియదా?’ అంటారు మీరు. ఇది తెలివికి సంబంధించింది కాదు. దుడుకును అదుపు చేసే మెదడు భాగం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఎప్పుడొస్తుందో తెలియని గెలుపు మెదడును గట్టిగా పట్టేస్తుంది. ‘కొద్దిలో పోయింది’ అనిపించే ఓటమి మళ్లీ ఆడిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని వ్యసన రుగ్మతల్లో చేర్చింది.

రాత్రంతా ఫోన్, మ్యాచ్ రోజుల్లో చిరాకు, తరచూ చేబదుళ్లు, ఇంట్లో మాయమయ్యే డబ్బు.. ఇవి కనిపిస్తే తిట్టకండి, కొట్టకండి. ‘ఎంత పోయింది?’ అని నెమ్మదిగా అడగండి. పరువు పోతుందని గుట్టుగా అప్పు తీర్చేసి ఊరుకోవద్దు. అప్పు తీరుతుంది గానీ జబ్బు మిగులుతుంది. బ్యాంకు పిన్, యూపీఐ కొన్నాళ్లు మీ చేతిలో ఉంచుకోండి. మానసిక వైద్యుడికి చూపించండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని కూడా సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, లోపలున్నది బయటపడుతుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఈసారి ఇంట్లో మ్యాచ్ పెట్టినప్పుడు పిల్లల పక్కన కూర్చోండి. ప్రకటన రాగానే ‘వీడికి ఈ డబ్బు ఎక్కడినుంచి వస్తోంది?’ అని అడగండి. ఓడినవాళ్ల జేబులోంచేనని వాళ్లంతట వాళ్లే చెప్పాలి.