ఆరుబయట ఇంటర్వ్యూలు: రొదను అక్కడే ఆపాలి



ఆరుబయట తీస్తున్న ఇంటర్వ్యూల్లో మాట కంటే రొదే ఎక్కువ వినిపిస్తోంది. 1946-51 నాటి రైతాంగ సాయుధ పోరాటాన్ని కళ్లారా చూసినవాళ్లలో సూర్యాపేట పల్లెల్లో ఇప్పుడు మిగిలింది ఎనభై దాటిన పెద్దలే. పులిచింతల ప్రాజెక్టు ముంపులో ఊరు వదిలినవాళ్లూ వయసు మీరుతున్నారు. వీళ్లతో మళ్లీ చెప్పించుకునే అవకాశం ఉంటుందన్న భరోసా లేదు. అందుకే రొద సంగతి ఎడిటింగ్‌లో చూసుకుందామనే ధీమాను రికార్డింగ్ చేసేవాళ్లు వదులుకోవాలి.

మా వైపు రొదలకు కొదవ లేదు: మఠంపల్లిలో సిమెంటు లారీలు, కోదాడలో 65వ నంబరు జాతీయ రహదారి, మిర్యాలగూడలో రైస్ మిల్లుల హోరు, మట్టపల్లి గుడి దగ్గర కృష్ణ మీంచి వచ్చే గాలి. వీటిలో గాలి లెక్కే వేరు. అది మైకుకు తగిలి సుడి తిరిగి దబదబమనే చప్పుడు పుట్టిస్తుంది. పక్కన నిలబడ్డవాళ్లకు అది వినబడదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. పిల్లగాలికి స్పాంజి తొడుగు సరిపోతుంది. ఏటి ఒడ్డున మాత్రం బొచ్చు తొడుగు ఉండాల్సిందే. సుమారు 80 హెర్ట్జ్‌ల కింది ధ్వనుల్ని తగ్గించే లో-కట్ ఆన్ చేస్తే లారీ ఇంజన్ల గుంయ్‌మనే మోత కూడా కొంత తగ్గుతుంది, మాటకు పెద్దగా నష్టం రాదు.

మిగతా రొదలకు అసలు మందు మైకును దగ్గరికి తేవడం. నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైన ప్రతిసారీ మాట సుమారు 6 డెసిబెళ్లు పెరుగుతుంది, ఎక్కడో ఉన్న మిల్లు మోత మాత్రం ఉన్నంతే ఉంటుంది. మీటరు దూరాన్ని పావు మీటరుకు తెస్తే మాటకు 12 డెసిబెళ్లు కలిసొస్తాయి. కెమెరా మైకుతో దూరం నుంచి తీసి తర్వాత వాల్యూం పెంచితే రొద కూడా అంతే పెరుగుతుంది. గడ్డానికి జానెడు కింద పెట్టిన చవకరకం కాలర్ మైకు కూడా దానికంటే ఎంతో నయం. కండువా రాసుకుంటే గరగరమంటుంది కాబట్టి కండువాను కాస్త పక్కకు జరపమనాలి.

ఒకవైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే మైకు వాడేవాళ్లు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. దృశ్యం బాగుంటుందని పెద్దాయనను రోడ్డుకు వీపు పెట్టి కూర్చోబెడతారు. అప్పుడు మైకు ఆయనతో పాటు రోడ్డునూ చూస్తుంది. ఆయన ముఖం రోడ్డు వైపు, మైకు వీపు రోడ్డు వైపు ఉండాలి. ఇంటి వెనక, గడ్డివాము చాటున కూర్చుంటే ఇంకా మేలు.

మిల్లు మోతలా ఒకే తీరున సాగే రొదను సాఫ్ట్‌వేర్ కొంత తీయగలదు. అందుకోసం ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఆ చోటి చప్పుడు రికార్డు చేసుకోవాలి. మరీ గట్టిగా వాడితే మాట నీళ్లలోంచి వచ్చినట్టు తయారవుతుంది. హారన్ మింగేసిన ఊరి పేరును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు. లారీ దాటేదాకా ఆగి, ఆ ముక్క మళ్లీ చెప్పమని పెద్దాయనను అప్పుడే అడగాలి.

- ఒక పాఠకుడు, మఠంపల్లి