అది వాతం కాదు

ఉదయగిరి కొండ కింద పల్లెలకు పోండి, ఆత్మకూరు మెట్టకు పోండి. ఏ దళితవాడలోనైనా వేపచెట్టు కింద ఒక నులకమంచం కనపడుతుంది. దాని మీద ఒక మనిషి. ఏమైంది పెద్దాయనా అంటే, "వాతమబ్బాయ్, కాళ్ళు పడిపోయినాయి" అంటాడు. నాలుగిళ్ళ అవతల ఒక అవ్వ. మూతి ఒక పక్కకు లాగి ఉంటుంది, కుడిచెయ్యి ఒడిలో వేలాడుతుంటుంది. ఆమెకు మాట రాదు గనక కోడలే చెపుతుంది: "పచ్చవాతమన్నా. పొద్దన్నే నీళ్ళు మోస్తా మోస్తా కూలబడిపోయింది." ఇద్దరికీ ఒకటే వైద్యం. నాటువైద్యుడి పసరు, పావురం నెత్తురు, ఆరెంపీ సూది. ఇద్దరికీ ఊరు చెప్పే కారణమూ ఒకటే, తలరాత.

ఆ ఇద్దరిదీ ఒక జబ్బు కాదు. పెద్దాయనది వెన్నులో పుట్టింది. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు తీసుకుని నిదానంగా పడగొట్టింది. అవ్వది మెదడు రక్తనాళంలో పుట్టింది. రెప్పపాటులో పడగొట్టింది. రెండింటికీ కారణం తెలుసు. రెండింటికీ నరాల డాక్టర్ల దగ్గర ఆపరేషన్లున్నాయి, మందులున్నాయి. రెండింటినీ ముందే ఆపవచ్చు కూడా. వాతం అనే ఒక్క మాట కింద రెండింటినీ కప్పెట్టడం వల్ల లాభం ఎవరికి? నీళ్ళివ్వాల్సిన ప్రభుత్వానికి, ఆసుపత్రి పెట్టాల్సిన ప్రభుత్వానికి. తలరాత మీద ఎవరూ అర్జీ పెట్టరు గదా!

ముందు పెద్దాయన సంగతి చూద్దాం.

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే మద్రాసు డాక్టర్లు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఒక వ్యాసం అచ్చేశారు. మనుషుల ఎముకల్ని కర్రల్లాగా బిగదీసే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొట్టమొదట అచ్చుకెక్కించింది ఆ వ్యాసమే. ఏ ఊళ్ళ గురించి? దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల గురించి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా అవన్నీ నెల్లూరు జిల్లావే. ఉదయగిరికి పొరుగు తాలూకాలు. అదే రాయి, అదే మెట్ట, అదే నీళ్ళు.

ఇంకో మాట కూడా ఆ చరిత్రలోనే ఉంది. ఈ జబ్బును రైతులు ముందు గుర్తుపట్టింది ఎద్దుల్లో. వయసులో ఉన్న ఎద్దులే కీళ్ళు బిగుసుకుని నడవలేక కూలబడుతున్నాయని గమనించారు. మనుషుల్లో జబ్బు సంగతి ఆ తరవాత కొన్నేళ్ళకు గాని తేలలేదు. ఎద్దు కుంటితే ఊరికి తెలిసింది. ఆ ఎద్దు వెనకాల మడక పట్టుకుని నడిచిన మాదిగ పాలేరు కుంటితే ఎవరికి తెలిసింది? ఎద్దుకు ఖరీదు ఉంది మరి.

ఫ్లోరైడ్ నేల కింద రాతిలో ఉంటుంది. నీళ్ళు ఆ రాతిలో ఎంతకాలం నిలిస్తే అంత కరుగుతుంది. వానలు తక్కువై, బోర్లు లోతుకు పోయేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. లీటరు నీళ్ళలో ఒక మిల్లీగ్రాము దాటగూడదని మన దేశ ప్రమాణం. వేరే దిక్కు లేనిచోట ఒకటిన్నర దాకా సరిపెట్టుకోమంటారు. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే, పళ్ళు వచ్చే వయసు బిడ్డలకు పళ్ళు గార పడతాయి. పెద్దవాళ్ళకు ఎముకల్లో చేరుతుంది. ముందు నడుము పడుతుంది, తరవాత మెడ తిరగదు. పూసల్ని కట్టి ఉంచే నారలు కూడా ఎముకలైపోతాయి. ఆ పూసల నడుమ సొరంగం లాంటి దారిలోనే వెన్నుపాము దిగుతుంది. దారి ఇరుకైపోయి వెన్నుపాము నలుగుతుంది. అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, చెప్పు జారిపోయినా తెలియదు, కాళ్ళు కొయ్యబారుతాయి, చివరికి ఒంటికి పోవడం కూడా చేతిలో ఉండదు. వాతమని ఊరు పేరు పెట్టేది ఈ చివరి మెట్టుకే. అంతకుముందు ఇరవై ఏళ్ళు "నడుం నొప్పి, పనికి దొంగ" అన్నారు.

నీళ్ళకు కులం లేదు, రెడ్డిగారు తాగినా అదే ఫ్లోరైడ్ అని కొందరు మిత్రులంటారు. నిజమే, రాయికి కులం లేదు. కానీ తాగే చెంబులకు ఉంది. ఎండలో నాట్లేసి, కలుపు తీసి, మట్టి మోసేవాళ్ళు నీడపట్టున కూర్చున్నవాళ్ళకు రెండింతలు మూడింతలు నీళ్ళు తాగుతారు. ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకు, పాలూ పెరుగూ లేక ఒంట్లో కాల్షియం తక్కువైనవాళ్ళకు ఈ జబ్బు మరీ ముదురుతుందని డాక్టర్లే రాశారు. కష్టం ఎవరిదో ఫ్లోరైడ్ వాళ్ళదే. ఉన్నవాళ్ళు ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుంటారు. మనోళ్ళలో క్యాను కొనేవాళ్ళు కూడా తాగడానికి మాత్రమే కొంటారు. అన్నం వండేది, పప్పు ఉడికేది బోరు నీళ్ళతోనే. ఫ్లోరైడ్ కాచితే పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఇక ఆపరేషన్. వెన్నుపాము నలుగుతున్నచోట పూస వెనక కప్పును తొలిచి తీసేసి, దానికి చోటిస్తారు. లామినెక్టమీ అంటారు. మామూలు మనిషికి చేసేదానికీ, ఫ్లోరైడ్ మనిషికి చేసేదానికీ చాలా తేడా ఉంది. ఆ ఎముక ఏనుగుదంతం మాదిరి ఉంటుంది. మామూలు పనిముట్లకు లొంగదు, వేగంగా తిరిగే డ్రిల్లుతో కొంచెం కొంచెం అరగదీయాలి. కిందనే నలిగిపోయిన వెన్నుపాము ఉంటుంది. చెయ్యి జారితే అంతే. హైదరాబాదులో నిమ్స్ డైరెక్టరుగా పనిచేసిన న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ జబ్బు మీదే దశాబ్దాలు పనిచేశారు. ఎముకలకు ఫ్లోరోసిస్ పట్టినవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి నరాల దాకా వస్తుందని ఆయన లెక్క. త్వరగా గుర్తుపట్టి ఆపరేషన్ చేస్తే కొందరు లేచి నడుస్తారు. మంచాన పడి ఏళ్ళు గడిచాక చేస్తే పెద్దగా ఒరిగేది ఉండదు. ఆపరేషన్ చోటిస్తుంది గాని ఎముకలోని ఫ్లోరైడును తీసెయ్యదు. కోలుకున్న మనిషి మళ్ళీ అదే బోరు దగ్గరికి వస్తే మళ్ళీ అదే కథ.

నరాల ఆపరేషన్ల విభాగం దేశంలో మొదట వచ్చింది మనకు దగ్గర్లోనే. 1949లో వేలూరులో జాకబ్ చాందీ, 1950లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో రామమూర్తి మొదలుపెట్టారు. అంటే జబ్బు అచ్చుకెక్కిన పదమూడేళ్ళకల్లా దాన్ని కోసి చూడగల డాక్టరు రైలు దూరంలోకి వచ్చాడు. మరి మనోళ్ళు మంచాల్లోనే ఎందుకున్నారు? రైలు ఎక్కడానికి ముందు ఇది వెన్ను జబ్బని చెప్పేవాడు ఉండాలి గదా. ముంజేతికి ఒక ఎక్స్‌రే తీస్తే రెండు ఎముకల నడుమ పొర గట్టిపడి కనపడుతుంది. అంతపాటి పరీక్ష చాలు అనుమానించడానికి. ఎక్స్‌రే కూడా అక్కర్లేని పరీక్షలు మూడున్నాయి. మోకాళ్ళు వంచకుండా నేల మీద పైసా తియ్యగలరా? గడ్డం రొమ్ముకు ఆనించగలరా? రెండు చేతులూ తల వెనక పెట్టుకోగలరా? ఆశా వర్కరు అరుగు మీద కూర్చుని చేయించవచ్చు.

కేంద్ర ప్రభుత్వం 2008–09లో ఫ్లోరోసిస్ నివారణ జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. దేశం మొత్తం మీద ఎంచుకున్న మొదటి ఆరు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. నీళ్ళూ మూత్రమూ పరీక్ష చేసే పరికరం, ఇంటింటి సర్వే, అవసరమైనవాళ్ళకు ఆపరేషన్, ఆ తరవాత ఆసరా అన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. మన వాడకు ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు, ఎవరి పైసా పరీక్ష చేశారు? అడగాల్సింది ఇదీ.

నీళ్ళ రాజకీయం కూడా చెప్పుకోకపోతే ఇదంతా ఆసుపత్రి ప్రచారం అవుతుంది. ఆత్మకూరు పక్కనే పెన్న మీద సోమశిల జలాశయం ఉంది. నిండితే 78 టీఎంసీలు. ఆ నీళ్ళు డెల్టా మాగాణికి పోతాయి, కండలేరు మీదుగా పూండి చేరి మద్రాసు నగరానికి పోతాయి. మద్రాసు పేదలు తాగగూడదని మేము అనడం లేదు, వాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. కానీ విచిత్రం చూడండి. మన నీళ్ళూ మద్రాసే పోతాయి, ఆ నీళ్ళు లేక వెన్ను విరిగిన మన మనుషులూ మద్రాసే పోతారు. 2019లో జల్ జీవన్ మిషన్ అన్నారు, ఇంటింటికీ కొళాయి అన్నారు. కొళాయి లెక్క రాసుకుంటే సరిపోదు. అందులో వచ్చేది నది నీళ్ళా, పాత బోరు నీళ్ళేనా అని రాయాలి.

నల్లగొండ వాళ్ళు ఈ విషయంలో మనకన్నా ముందున్నారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఒక్క స్థానానికి 480 మంది పోటీలో నిలబడి దేశమంతా తమ నీళ్ళ సంగతి మాట్లాడుకునేలా చేశారు. ఫ్లోరైడ్ అంటే నల్లగొండ అనే పేరు అట్లా వచ్చింది. జబ్బు మొదట దొరికింది మా జిల్లాలో, పేరు వాళ్ళకు పోయింది. (అసూయ కాదు, వాళ్ళు కొట్లాడారు.) మనకు కొట్లాట చేతగాక కాదు. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించిన నేల ఇది. ఆ ఉద్యమానికి తలవంచి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1927లో మహద్ చెరువు దగ్గర అంబేడ్కర్ దోసిలి పట్టింది నీళ్ళకే. 1985లో కారంచేడులో మాదిగపల్లె తాగునీటి చెరువులో బర్రెల్ని కడగొద్దన్నందుకే నరికారు. నీళ్ళు మనకు ఎప్పుడూ చిన్న విషయం కాదు.

ఇక అవ్వ సంగతి. ఆమెకు కొట్టింది మెదడులోని రక్తనాళం. ఎక్కువమందికి నెత్తురు గడ్డ అడ్డం పడుతుంది, కొంతమందికి నాళం చిట్లుతుంది. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. స్కానింగు తీస్తే గాని తేలదు. తేలకుండా మందు వెయ్యగూడదు, ఎందుకంటే గడ్డను కరిగించే మందు చిట్లిన మనిషికి పడితే ప్రాణం పోతుంది. గడ్డ అయితే నాలుగున్నర గంటల లోపు ఆ మందు పడాలి. పెద్ద నాళంలో గడ్డ అయితే తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి మెదడులోని గడ్డను లాగేస్తారు. 2015లో వరసగా వచ్చిన పరిశోధనలతో ఇది రుజువైంది. నాళం బుడగలా ఉబ్బి చిట్లితే, పుర్రె తెరిచి దాని మెడకు క్లిప్పు పెడతారు, లేకపోతే గొట్టంలోంచి సన్నని తీగచుట్టలు పంపి లోపలే మూసేస్తారు. గడ్డ పడ్డాక ఒక్కో నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చస్తాయని అంచనా.

ఇప్పుడు నిమిషాలు లెక్కెయ్యండి. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. సీతారామపురం వాళ్ళకు ఇంకా ఎక్కువ. 108 బండి వచ్చేదెప్పుడు, ఆత్మకూరు చేరేదెప్పుడు? అక్కడ ఒక చీటీ రాసి నెల్లూరు పొమ్మంటే, నెల్లూరులో ఇంకో చీటీ రాసి మద్రాసో తిరుపతో పొమ్మంటే? ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, 2024లో ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మారింది. నరాల ఆపరేషన్లు ఆ పట్టికలో ఉన్నాయి. కార్డు డబ్బు కడుతుంది, మంచిదే, దాన్ని పోగొట్టుకోగూడదు. కానీ కార్డు గంటల్ని వెనక్కి తేలేదు. ఆపరేషనుకు లక్షలు కట్టే ప్రభుత్వం, ఆ అవ్వ రక్తపోటుకు రోజుకు ఒక మాత్ర పీహెచ్‌సీలో తప్పకుండా దొరికేలా చూస్తే ఆమె అసలు పడకపోవచ్చు. మాత్రకు ఫోటో దిగేవాడు ఉండడు, అదీ చిక్కు.

మనవైపు నుంచి చెయ్యాల్సింది కూడా ఉంది. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా పసరు కోసం పరిగెత్తొద్దు. నోట్లో నీళ్ళు కూడా పొయ్యొద్దు. ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకుని బండికి ఫోన్ చెయ్యండి. ఆత్మకూరు ఆసుపత్రిలో స్కానింగు ఉందా అని అడగొద్దు, అర్ధరాత్రి ఉందా, చూసి చెప్పే డాక్టరు ఉన్నాడా అని అడగండి. 2014 నుంచి నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. వెన్ను ఆపరేషన్లూ, మెదడు ఆపరేషన్లూ ఆ బోధనాసుపత్రిలోనే రోజూ జరగాలి. మన పన్నులతో డాక్టర్లయ్యేవాళ్ళు మన వెన్నుల మీద మొదట నేర్చుకోవాలి.

వచ్చే సంచిక లోపల ఒక పని చేద్దాం. ప్రతి వాడలోనూ వంటకు వాడే బోరు నీళ్ళు సీసాలో పట్టండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ పరీక్షకు ప్లాస్టిక్ సీసానే పనికొస్తుంది. సీసా మీద వాడ పేరు, బోరు ఎక్కడ ఉందో, తేదీ రాయండి. గ్రామీణ నీటి సరఫరా లాబులో ఇచ్చి, ఫలితం కాగితం మీద సంతకంతో అడగండి. నోటిమాటతో రావొద్దు. బడిలో గార పళ్ళ బిడ్డలు ఎంతమందో, పైసా తియ్యలేని పెద్దవాళ్ళు ఎంతమందో, మంచాల్లో ఎంతమందో ఒక తెల్లకాగితం మీద లెక్క రాసి ఆ ఫలితంతో కలిపి మాకు పంపండి. లెక్కలో మాల ఇళ్ళూ మాదిగ ఇళ్ళూ యానాది ఇళ్ళూ అన్నీ ఉండాలి. అన్నీ కట్టగట్టి కలెక్టరు గ్రీవెన్సుకు మనమే తీసుకుపోదాం. మంచం మీద ఉన్న పెద్దాయన వస్తానంటే మంచంతో సహా.