నకలు లేని లెక్కలు

పూర్ణా మార్కెట్ టోకు దుకాణాలు మొదలు గాజువాక వర్క్‌షాపుల దాకా విశాఖ వ్యాపారుల్లో చాలామంది ఖాతాలు ఇప్పుడు బీరువాల్లో లేవు. బిల్లులు, సరుకు నిల్వలు, అరువు పద్దులు, జీఎస్టీ లెక్కలు ముంబయిలోనో, హైదరాబాదులోనో క్లౌడ్ సంస్థల కంప్యూటర్లలో ఉంటున్నాయి. కంపెనీ పెద్దది, నెలనెలా అద్దె కడుతున్నాం, ఇక బెంగలేదన్న ధీమా వర్తకుల్లో నాటుకుపోయింది. ఆ ధీమాకు ఆధారం తక్కువ.

2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రానికి నిప్పంటుకుని అయిదంతస్తుల భవనం కాలిపోయింది. అక్కడ సర్వర్లు అద్దెకు తీసుకున్నవారిలో కొందరు నకళ్ళకోసం విడిగా రుసుము కూడా కడుతున్నారు. తీరా చూస్తే ఆ నకళ్ళు కూడా అదే ఆవరణలో ఉన్నాయి. అసలుతోపాటు అవీ తగలబడ్డాయి. బాధిత సంస్థ ఒకటి కోర్టుకెక్కగా 2023లో నష్టపరిహారం ఇప్పిస్తూ తీర్పు వచ్చింది. డబ్బు వచ్చింది గాని లెక్కలు తిరిగి రాలేదు.

ప్రభుత్వాలూ ఇందుకు అతీతం కాదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ఉద్యోగులు పత్రాలు దాచుకునే 858 టెరాబైట్ల భాండాగారం నాశనమైంది. పరిమాణం మరీ పెద్దదని దానికి బయట నకలు తీయలేదట! పెద్దది గనుకనే తీయాలని ఎవరికీ తోచకపోవడం విచిత్రం.

నిప్పూ నీరూ లేకుండానే కొంప మునగడమూ కద్దు. ఆస్ట్రేలియాలో ఆరు లక్షల పైచిలుకు సభ్యులున్న యూనిసూపర్ పింఛను నిధికి 2024 మేలో అదే జరిగింది. గూగుల్ క్లౌడ్ వైపు ఏర్పాట్లలో జరిగిన పొరపాటువల్ల దాని ఖాతాయే చెరిగిపోయింది. రెండు వేర్వేరు ప్రాంతాల్లో ఉంచిన జంట వ్యవస్థలు ఒక్కసారే పోయాయి. వేరొక సంస్థ దగ్గర విడిగా దాచిన నకలు ఉండబట్టి ఆ నిధి గట్టెక్కింది. అయినా రోజుల తరబడి సభ్యులు తమ ఖాతాలు చూసుకోలేకపోయారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఒకచోట రాసింది తక్షణం మరోచోట పడే ఏర్పాటును చాలామంది నకలు అనుకుంటున్నారు. గుమాస్తా చేయి జారి ఒకచోట చెరిపినా, దొంగలు చొరబడి తాళం వేసినా, అదే తక్షణం రెండోచోటా జరుగుతుంది. నిన్నటి స్థితిని నిన్నటి స్థితిగానే, ఎవరూ మార్చడానికి వీల్లేకుండా విడిగా ఉంచితేనే అది నకలు.

నకలు ఒక్కటే ఉన్నా చాలదని విశాఖకు వేరే చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక కరెంటు, ఫోన్లు, ఏటీఎంలు రోజుల తరబడి మూగబోయాయి. అలాంటి రోజున లెక్కలు ముంబయిలో పదిలంగానే ఉండవచ్చు. దుకాణంలో బిల్లు మాత్రం పుట్టదు. అచ్చు బిల్లు పుస్తకం, ముఖ్యమైన ఖాతాదారుల ఫోన్ నంబర్ల కాగితం, వేరొక కంపెనీ ఇంటర్నెట్ కనెక్షన్, ఇన్వర్టరు: వీటికి ఖర్చు ఏపాటిది? విశాఖలో భారీ డేటా కేంద్రం నెలకొల్పుతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. సంతోషమే. ఊళ్ళోనే ఉంది కదా అని అసలూ నకలూ రెండూ ఇక్కడే పెట్టుకుంటే మాత్రం ఒక్క తుపాను చాలు.

చట్టం కూడా ఊరుకోదు. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి. కంపెనీలైతే ఎలక్ట్రానిక్ ఖాతాల నకలును ప్రతిరోజూ దేశంలోని సర్వరులో ఉంచాలని 2022లో నిబంధన సవరించారు.

ఎన్ని గంటల పని పోయినా తట్టుకోగలం, ఎన్ని గంటలు దుకాణం ఆగినా ఓర్చుకోగలం అన్న రెండు ప్రశ్నలకు యజమానే జవాబు రాసుకోవాలి. నకలు రోజుకొకసారి తీయాలా, గంటకొకసారా అన్నది దానినిబట్టే తేలుతుంది. ఆ తరువాత, తీసిన నకలు నుంచి లెక్కలు నిజంగా తిరిగి వస్తాయో లేదో వేరే కంప్యూటరు మీద చూసుకోవాలి. చాలామంది విడిచిపెడుతున్నది ఈ పనినే. తుపానుల కాలానికి ముందే, సెప్టెంబరులో ఒక ఆదివారం వర్తక సంఘాలు తమ సభ్యులచేత ఈ పరీక్ష చేయించవచ్చు. కంప్యూటరు తెలిసిన కుర్రాళ్ళకు ఈ జిల్లాలో కొదవ లేదు.