కారు బీమా ఖర్చు (హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం)

కారు బీమా ఖర్చు అనగా కారు యజమాని తన వాహనానికి బీమా రక్షణ పొందుటకు బీమా సంస్థకు చెల్లించే సొమ్ము. దీనినే ప్రీమియం అంటారు. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల ప్రజలకు ఈ విషయం ఇటీవలి కాలంలో మరింత దగ్గరయింది. పెనుకొండ మండలంలోని ఎర్రమంచి గ్రామం వద్ద కియా కార్ల కర్మాగారం ఉంది. హైదరాబాదు - బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి పెనుకొండ మీదుగా పోతుంది. హిందూపురం కర్ణాటక సరిహద్దున, బెంగళూరుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. పట్టుచీరలకు పేరుగాంచిన ధర్మవరం నుండి కూడా వ్యాపారరీత్యా బెంగళూరుకు రాకపోకలు ఎక్కువ.

కారు ప్రీమియంలో ప్రధానంగా రెండు భాగాలు ఉంటాయి. ఒక భాగాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. దానిలో బేరానికి తావు లేదు. రెండవ భాగాన్ని బీమా సంస్థలు నిర్ణయిస్తాయి. తగ్గించుకోవడానికి అవకాశం ఉన్నది ఈ రెండవ భాగంలోనే. అయితే ధరను తగ్గించుకోవడం వేరు, రక్షణను తగ్గించుకోవడం వేరు. ఈ తేడా తెలియక పొదుపు చేసినవారు ప్రమాదం జరిగిన రోజున నష్టపోతారు.

నేపథ్యం

భారతదేశంలో వాహన బీమా 1939 నాటి మోటారు వాహనాల చట్టం ద్వారా, 1946 జూలై 1 నుండి తప్పనిసరి అయింది. ప్రస్తుతం అమలులో ఉన్న 1988 చట్టంలోని 146వ సెక్షను ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహనం నడపరాదు. 2019 సవరణ తరువాత ఈ నేరానికి మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలుశిక్ష లేదా రెండూ విధించవచ్చు. మరల చేస్తే జరిమానా 4,000 రూపాయలు.

1973లో సాధారణ బీమా వ్యాపారం జాతీయమయింది. 1999 చట్టం ద్వారా బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పడి ప్రైవేటు సంస్థలకు మార్గం తెరచుకొంది. ఈ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. 2006 చివరి వరకు కారు బీమా రేట్లన్నీ ఒకే పట్టిక ప్రకారం ఉండేవి. 2007 జనవరి 1 నుండి సొంత నష్టపు బీమా రేట్లపై సంస్థలకు స్వేచ్ఛ లభించింది. అప్పటి నుండి ఒకే కారుకు ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క ధర చెప్పడం మొదలైంది.

ప్రీమియంలోని భాగాలు

* థర్డ్ పార్టీ బీమా: కారు వలన ఇతరులకు కలిగే మరణం, గాయాలు, ఆస్తినష్టాలకు సంబంధించినది. ఇది చట్టరీత్యా తప్పనిసరి.
* సొంత నష్టపు బీమా: ప్రమాదం, దొంగతనం, అగ్ని, వరద మొదలైన వాటి వలన తన కారుకు కలిగే నష్టానికి సంబంధించినది. ఇది యజమాని ఇష్టం.
* యజమాని-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా: దీని మొత్తం 15 లక్షల రూపాయలు.
* జి.ఎస్.టి.: 2017 జూలై 1 నుండి కారు ప్రీమియంపై 18 శాతం.

థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను సామర్థ్యాన్ని బట్టి మారుతుంది. 2022 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన నియమావళి ప్రకారం సొంత వాడుక కార్లకు సంవత్సరపు రేట్లు ఇవి:

* 1,000 సి.సి. వరకు - 2,094 రూపాయలు
* 1,000 సి.సి. దాటి 1,500 సి.సి. వరకు - 3,416 రూపాయలు
* 1,500 సి.సి. పైన - 7,897 రూపాయలు

ఈ రేట్లు హిందూపురంలోనైనా ముంబైలోనైనా ఒక్కటే. పెనుకొండలో తయారయ్యే కార్లతోనే ఈ పట్టికను అర్థం చేసుకోవచ్చు. సోనెట్ కారు 998 సి.సి. టర్బో పెట్రోలు ఇంజనుతోను, 1,197 సి.సి. పెట్రోలు ఇంజనుతోను లభిస్తుంది. టర్బో కారు ఖరీదు ఎక్కువ అయినా దాని థర్డ్ పార్టీ ప్రీమియం 2,094 రూపాయలు మాత్రమే. తక్కువ ధరకు వచ్చే 1,197 సి.సి. కారుకు 3,416 రూపాయలు చెల్లించాలి. 2020 ఫిబ్రవరిలో విడుదలైన కార్నివాల్ ఇంజను 2,000 సి.సి. దాటినది కనుక అది చివరి తరగతిలోకి వస్తుంది.

ఎలక్ట్రిక్ కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియంలో 15 శాతం రాయితీ ఉంది. అయితే వాటిని మోటారు శక్తిని బట్టి విభజిస్తారు. 65 కిలోవాట్లు దాటిన కారుకు 6,712 రూపాయలు చెల్లించాలి. 2025 జూలైలో విడుదలైన కారెన్స్ క్లావిస్ ఎలక్ట్రిక్ కారు ఈ తరగతికే చెందుతుంది. అదే కుటుంబానికి చెందిన 1,497 సి.సి. పెట్రోలు కారుకు అయ్యేది 3,416 రూపాయలే. కనుక రాయితీ ఉన్నంత మాత్రాన ఎలక్ట్రిక్ కారు బీమా చౌక అని అనుకోరాదు.

సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమాను ఒకేసారి మూడేళ్ళకు తీసుకోవాలి. కొత్త కారు కొన్నప్పుడు బీమా బిల్లు పెద్దదిగా కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

థర్డ్ పార్టీ బీమా విలువ

మరణం, గాయాల విషయంలో థర్డ్ పార్టీ బీమా క్రింద సంస్థ చెల్లించే పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదు. 2009లో సరళా వర్మ, 2017లో ప్రణయ్ సేథీ కేసులలో సుప్రీంకోర్టు నిర్దేశించిన పద్ధతి ప్రకారం మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునళ్ళు పరిహారాన్ని లెక్కిస్తాయి.

ఉదాహరణకు ధర్మవరంలో నెలకు 15,000 రూపాయలు సంపాదించే 35 ఏళ్ళ నేతకార్మికుడు కారు ఢీకొని మరణించాడనుకొందాము. అతనిపై నలుగురు ఆధారపడి ఉన్నారు. సంవత్సరాదాయం 1,80,000 రూపాయలు. భవిష్యత్తులో పెరిగే ఆదాయం క్రింద 40 శాతం కలిపితే 2,52,000. మృతుని సొంత ఖర్చుల క్రింద నాలుగవ వంతు తీసివేస్తే 1,89,000. ఆ వయసుకు నిర్ణయించిన 16తో గుణిస్తే 30,24,000 రూపాయలు అవుతుంది. అంత్యక్రియలు మొదలైన వాటి క్రింద ఇచ్చే మొత్తాలు దీనికి అదనం.

కారుకు బీమా ఉంటే ఈ మొత్తాన్ని బీమా సంస్థ చెల్లిస్తుంది. లేకపోతే యజమానే చెల్లించాలి. ఇల్లు, పొలం అమ్మినా అంత సొమ్ము రాకపోతే అటు మృతుని కుటుంబానికి పరిహారం అందదు, ఇటు యజమాని కుటుంబం నిలువదు. సంవత్సరానికి 3,416 రూపాయలు మిగుల్చుకొన్నందుకు రెండు కుటుంబాలు మూల్యం చెల్లిస్తాయి.

సొంత నష్టపు ప్రీమియంను నిర్ణయించే అంశాలు

* ప్రకటిత విలువ: కారు దొంగతనానికి గురైతే లేదా బాగుచేయలేనంతగా దెబ్బతింటే సంస్థ చెల్లించే మొత్తం. దీనిని ఐ.డి.వి. అంటారు. తయారీదారు ప్రకటించిన ధర నుండి తరుగుదల తీసివేసి దీనిని లెక్కిస్తారు. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, ఐదేళ్ళ లోపు 50 శాతం తరుగుదల ఉంటుంది.
* రిజిస్ట్రేషను జరిగిన ప్రాంతం: 2002 నాటి రేట్ల పట్టిక బెంగళూరు, హైదరాబాదు, చెన్నై సహా ఎనిమిది నగరాలను 'ఎ' మండలంగాను, మిగిలిన దేశాన్ని 'బి' మండలంగాను విభజించింది. 10 లక్షల విలువ, 1,000 - 1,500 సి.సి. ఇంజను గల ఐదేళ్ళ లోపు కారుకు 'ఎ' మండలంలో 32,830 రూపాయలు, 'బి' మండలంలో 31,910 రూపాయలు మూల ప్రీమియం. హిందూపురం 'బి' మండలంలోనిది. తేడా 920 రూపాయలే. ఇవి 2007కు పూర్వపు రేట్లు. నేడు సంస్థలు పోటీపడి ఇచ్చే తగ్గింపులు దీనికంటే చాలా ఎక్కువగా ఉంటాయి.
* కారు వయసు, నమూనా, ఇంధనం, విడిభాగాల ధరలు.
* గతంలో చేసిన క్లెయిములు.
* అదనపు రక్షణలు: తరుగుదల లేని చెల్లింపు, ఇంజను రక్షణ మొదలైనవి.

ఖర్చు తగ్గించుకొనే మార్గాలు

నో క్లెయిమ్ బోనస్

క్లెయిము చేయకుండా గడచిన సంవత్సరాలను బట్టి సొంత నష్టపు ప్రీమియంలో వరుసగా 20, 25, 35, 45, 50 శాతం తగ్గింపు లభిస్తుంది. ఇది కారుకు కాక యజమానికి చెందినది. పాత కారు అమ్మినప్పుడు సంస్థ నుండి ధ్రువపత్రం తీసుకొంటే మూడేళ్ళ లోపు కొత్త కారుకు దీనిని వాడుకోవచ్చు.

1,197 సి.సి. కారుకు సొంత నష్టపు ప్రీమియం 10,000 రూపాయలు అనుకొందాము. ఐదేళ్ళు క్లెయిము చేయని యజమానికి అది 5,000 అవుతుంది. వ్యక్తిగత ప్రమాద బీమాను పక్కన పెడితే, థర్డ్ పార్టీ ప్రీమియం, జి.ఎస్.టి. కలిపి మొత్తం 9,931 రూపాయలు. ఇతడు కారుకు గీత పడిందని 4,000 రూపాయల మరమ్మతుకు క్లెయిము చేస్తే, 1,500 సి.సి. వరకు కార్లకు తప్పనిసరిగా యజమాని భరించవలసిన 1,000 రూపాయలు పోగా గరిష్ఠంగా 3,000 వస్తాయి. మరుసటి సంవత్సరం బోనస్ పోయి బిల్లు 15,831 రూపాయలు అవుతుంది. 3,000 పొందినందుకు ఒక్క ఏడాదిలోనే 5,900 అదనంగా కట్టాలి. తరువాతి సంవత్సరాలలో కూడా బోనస్ మరల 20 శాతం నుండి మొదలవుతుంది. కనుక చిన్న మరమ్మతులను సొంత సొమ్ముతో చేయించుకొనడం మేలు.

ఇతర మార్గాలు

* స్వచ్ఛంద భారం: ప్రతి క్లెయిములో కొంత మొత్తాన్ని తానే భరించుటకు అంగీకరిస్తే ప్రీమియం తగ్గుతుంది. పాత పట్టిక ప్రకారం 2,500 రూపాయలకు 20 శాతం, గరిష్ఠంగా 750 రూపాయల తగ్గింపు. 15,000 రూపాయలకు 35 శాతం, గరిష్ఠంగా 2,500 రూపాయల తగ్గింపు. తగ్గింపుకు పరిమితి ఉన్నందున పెద్ద మొత్తాన్ని ఎంచుకొనే ముందు లెక్క చూసుకోవాలి.
* ధరలను పోల్చడం: డీలరు చూపిన పాలసీనే తీసుకోవాలన్న నియమం లేదు. ఒకే ప్రకటిత విలువపై, ఒకే అదనపు రక్షణలతో కనీసం మూడు సంస్థల ధరలు అడగాలి. 2019 సెప్టెంబరు 1 నుండి సొంత నష్టపు బీమాను విడిగా కూడా తీసుకొనవచ్చు.
* వ్యక్తిగత ప్రమాద బీమా: ఇప్పటికే 15 లక్షల రూపాయలకు తగ్గని ప్రమాద బీమా ఉన్నవారు కారుతో మరల తీసుకోనక్కరలేదు.
* వాడకాన్ని బట్టి చెల్లింపు: నడిపిన దూరాన్ని, నడిపే తీరును బట్టి ప్రీమియం నిర్ణయించే అదనపు సౌకర్యాలకు 2022 జూలైలో నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. నెలకు రెండు మూడు సార్లు మాత్రమే కారు తీసేవారికి ఇవి ఉపయోగకరం.
* అదనపు రక్షణల ఎంపిక: అక్కరలేని వాటిని మానుకోవచ్చు. అయితే కరువు సీమ అని ఇంజను రక్షణను తేలికగా తీసుకోరాదు. 2022 అక్టోబరులో పొరుగున ఉన్న అనంతపురంలోనే నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. నీటిలో ఆగిన ఇంజనును బలవంతంగా స్టార్టు చేయడం వలన కలిగే నష్టం సాధారణ పాలసీలో రాదు.

పొదుపుగా కనిపించే నష్టాలు

* ప్రకటిత విలువను బాగా తగ్గించడం: ప్రీమియం కొంత తగ్గుతుంది. కారు పోయినప్పుడు వచ్చే మొత్తం కూడా అంతే తగ్గుతుంది.
* గడువు దాటనివ్వడం: పాలసీ ముగిసిన 90 రోజుల లోపు పునరుద్ధరించకపోతే బోనస్ మొత్తం పోతుంది. ఆ మధ్యకాలంలో జరిగే ప్రమాదానికి రక్షణ ఉండదు.
* సొంత కారును బాడుగకు తిప్పడం: తెల్ల నంబరు పలక గల కారులో లేపాక్షి, పుట్టపర్తి, కదిరి యాత్రికులను డబ్బు తీసుకొని ఎక్కించుకొనడం పాలసీ షరతులకు విరుద్ధం. ప్రమాదం జరిగితే సంస్థ సొంత నష్టపు క్లెయిమును తిరస్కరించవచ్చు.
* గ్యాసు కిట్టును తెలియజేయకపోవడం: కిట్టు అమర్చిన విషయాన్ని పాలసీలో నమోదు చేయించాలి. థర్డ్ పార్టీ భాగానికి 60 రూపాయలు, పాత పట్టిక ప్రకారం కిట్టు విలువలో 4 శాతం మాత్రమే అదనం.
* లైసెన్సు లేనివారికి కారు ఇవ్వడం: ఇటువంటి సందర్భాలలో న్యాయస్థానాలు బాధితునికి ముందు సంస్థ చేతనే పరిహారం ఇప్పించి, ఆ సొమ్మును యజమాని నుండి వసూలు చేసుకొనుటకు అనుమతిస్తూ వస్తున్నాయి.

పొరుగు రాష్ట్రపు పాత కార్లు

కర్ణాటకలో రిజిస్టరైన పాత కారు కొన్నవారు బీమాను కూడా తమ పేరుకు మార్చుకోవాలి. చట్టంలోని 157వ సెక్షను ప్రకారం థర్డ్ పార్టీ రక్షణ కొన్నవారికి బదిలీ అయినట్లే భావిస్తారు. సొంత నష్టపు రక్షణ దానంతట అది బదిలీ కాదు. అందుకై 14 రోజుల లోపు సంస్థకు దరఖాస్తు చేయాలి. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ కొన్నవారికి రాదు. ఆ తేడాను చెల్లించాలి. కారును 12 నెలలకు మించి ఆంధ్రప్రదేశ్‌లో ఉంచితే 47వ సెక్షను ప్రకారం ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలి. కొత్త నంబరును పాలసీలో నమోదు చేయించుకోవాలి.

విశ్లేషణ

ప్రస్తుత విధానంలో ఒక లోపం ఉంది. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజనును చూస్తుంది గాని నడిపే మనిషిని చూడదు. వారానికొకసారి హిందూపురం నుండి లేపాక్షికి పోయివచ్చేవారు, ప్రతిదినం అతివేగంగా బెంగళూరుకు పోయివచ్చేవారు ఒకే రకం కారుకు ఒకే మొత్తం కడతారు. ట్రాఫిక్ ఉల్లంఘనలను బట్టి ప్రీమియం విధించాలని నియంత్రణ సంస్థ నియమించిన కార్యబృందం 2021 జనవరిలో ప్రతిపాదించింది. ఆ ప్రతిపాదన దేశవ్యాప్తంగా అమలులోకి రాలేదు. మరొక వైపు, ఒకే రేటు ఉన్నందువలననే ప్రమాదాలు ఎక్కువగా జరిగే రహదారి పక్కన నివసించేవారికి కూడా తప్పనిసరి బీమా అందుబాటు ధరలో దొరుకుతున్నది.

బీమా సంస్థతో వివాదం వస్తే మొదట సంస్థలోని ఫిర్యాదుల విభాగానికి, తరువాత నియంత్రణ సంస్థ నిర్వహించే బీమా భరోసా వెబ్‌సైటుకు, అటు పిమ్మట హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అంబుడ్స్‌మన్ వద్ద రుసుము లేదు, న్యాయవాది అవసరం కూడా లేదు.