కారు మెరుగుకు తొలి యంత్రం

ఉదయపు ఎండలో నల్లని కారు బానెట్‌ను కాస్త ఏటవాలుగా చూస్తే, సూర్యబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్లు సన్నని గీతలు కనిపిస్తాయి. నిజానికి ఆ గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. వెలుగుకు అడ్డంగా పడినవి మాత్రమే మెరిసి, గుండ్రంగా అల్లుకున్నట్లు భ్రమ కలిగిస్తాయి. తెల్లని కార్ల మీద కూడా అవి ఉంటాయి గాని కంటికి అంతగా ఆనవు. యజమాని సాధారణంగా రోడ్డునో, వీధిలో ఆడుకునే పిల్లలనో నిందిస్తాడు. వాటిలో అధిక భాగం శుభ్రత పేరిట వచ్చినవే. మన నగరాలలో తెల్లవారుజామున ఒకే గుడ్డతో వరుసగా పది కార్లు తుడిచే ఆచారం ఉంది. రాత్రి పేరుకున్న దుమ్ములోని ఇసుక రేణువులు ఆ గుడ్డ కింద గరుకు కాగితం చేసే పనే చేస్తాయి.

ఈ సాలెగూడును స్వయంగా తొలగించుకోవాలని సంకల్పించినవాడు మొట్టమొదట తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. మెరుగు పెట్టడమంటే గీతను పూడ్చడం కాదు. గీత అడుగు ఎంత లోతున ఉన్నదో అంతవరకు చుట్టుపక్కల పూతను అరగదీయడం. నేటి కార్లలో రంగు మీద పారదర్శకమైన పై పూత ఒకటి ఉంటుంది. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లకు మించదు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది ఈ పలుచని పొరే. ఒకచోట అది పూర్తిగా అరిగిపోతే ఏ పాలిష్ కూడా తిరిగి తెచ్చి పెట్టలేదు. ఆ భాగానికంతకూ మళ్ళీ రంగు వేయించడమే గతి. కనుక కొత్తవాడు యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు అది ఎంత వేగంగా గీతలు తీస్తుందని కాక, తన చేయి తప్పినప్పుడు ఏం చేస్తుందని అడగాలి.

ఈ ప్రశ్నకు రెండు జాతుల యంత్రాలు రెండు విధాలుగా సమాధానం చెబుతాయి. మొదటిది రోటరీ. కుమ్మరి సారె వలె ఒకే ఇరుసు మీద, ఒకే దిశలో తిరుగుతుంది. డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో 'రబ్బింగ్' అని పిలిచే పని తరతరాలుగా దీనితోనే జరుగుతున్నది. నిపుణుని చేతిలో ఇది అద్భుతమైన పనిముట్టు. కాని ఎంత నొక్కినా ఇది తిరగడం మానదు. ఒత్తిడి పెరిగినకొద్దీ రాపిడి, దానితోపాటు వేడి, ఒకేచోట కూడుకుంటాయి. బానెట్ అంచుల వద్ద, మడతల మీద పూత మరింత పలుచగా ఉంటుంది గనుక అక్కడ రెండు మూడు క్షణాల ఏమరుపాటు చాలు. ఆపైన చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పూత నిలిచినా, సరిగ్గా వాడని రోటరీ ఎండలో మాత్రమే కనబడే పొగ వంటి చారలు మిగులుస్తుంది.

రెండవది డ్యుయల్ యాక్షన్ యంత్రం. బొంగరం తన చుట్టూ తాను తిరుగుతూనే వలయంగా కదిలినట్లు, దీని ప్యాడ్ రెండు చలనాలు చేస్తుంది. మోటారు నేరుగా నడిపించేది వలయాకారపు చలనాన్నే. ప్యాడ్ తన చుట్టూ తాను తిరగడం ఆ ఊపు వల్ల స్వేచ్ఛగా జరుగుతుంది. అందువల్ల అతిగా నొక్కినా, యంత్రాన్ని ఒక అంచు మీదికి వంచినా ఆ తిరుగుడు ఆగిపోతుంది, కోత బాగా తగ్గుతుంది. కొత్తవాని పాలిట ఇదే దీని గొప్ప గుణం. ఎన్నో ఏళ్ళు అమెరికాలో ఇంటి వద్ద పని నేర్చుకున్న ఔత్సాహికులు పోర్టర్-కేబుల్ 7424 వంటి యంత్రాలతో మొదలుపెట్టడానికి కారణం ఇదే. దీనితో చిన్నపిల్లలు సైతం మెరుగు పెట్టవచ్చునని కొందరు దుకాణదారులు చెప్పేది మాత్రం అతిశయోక్తి. గరుకు ప్యాడ్‌తో అంచు మీద ఎక్కువసేపు నిలిపితే ఇదీ పూతను తినివేస్తుంది.

మూడవ రకమూ ఒకటున్నది. ఇందులో వలయ చలనాన్నీ, భ్రమణాన్నీ పళ్ళచక్రాలే నడిపిస్తాయి. జర్మనీ సంస్థ ఫ్లెక్స్ వారి యంత్రాలు ఇందుకు ప్రసిద్ధి. (ఆ దేశంలో యాంగిల్ గ్రైండరుకు వాడుక పేరే 'ఫ్లెక్స్' అయిపోయింది.) నొక్కినా ఆగదు గనుక ఇది రెండవ యంత్రంగా కొనదగినది.

స్వేచ్ఛగా తిరిగే రకంలోనూ వలయపు వ్యాసాన్ని బట్టి తేడాలున్నాయి. 8 మి.మీ. వలయం గలవి నిదానంగా, వంపుల మీద కూడా స్థిరంగా పని చేస్తాయి. ఇటలీకి చెందిన రూపెస్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన 15, 21 మి.మీ. యంత్రాలు విశాలమైన తలాన్ని త్వరగా ముగిస్తాయి. కాని 21 మి.మీ. యంత్రం పెద్ద ప్యాడ్‌ను కోరుతుంది, వంపు తగిలితే తరచు ఆగిపోతుంది. మన రోడ్ల మీది చిన్న కార్లకు విశాలమైన తలాలెక్కడివి? బానెట్, పైకప్పు తప్ప తక్కినవన్నీ వంపులూ, సన్నని స్తంభాలూ, బంపర్లే. అయిదంగుళాల ప్యాడ్‌తో 8 లేక 15 మి.మీ. యంత్రమే ఇక్కడ ఇముడుతుంది.

దుకాణంలో కొన్ని పోలికలు మోసపుచ్చుతాయి. నాలుగంగుళాల యాంగిల్ గ్రైండరుకు ఫోమ్ ప్యాడ్ బిగించి చూపేవారున్నారు. అది నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. రోటరీ పాలిషర్ సైతం 3,000 దాటడం అరుదు. వడ్రంగులు కలప నునుపు చేసే గుండ్రని సాండింగ్ యంత్రం చూడడానికి అచ్చం డ్యుయల్ యాక్షన్ లాగే ఉంటుంది. దాని వలయం రెండు మూడు మిల్లీమీటర్లే గనుక గంటలు గడిచినా గీతలు కదలవు. చేతి డ్రిల్లుకు తగిలించే ప్యాడ్ గురించి ఆలోచించనవసరం లేదు.

వాట్ల అంకె కంటె బరువు ముఖ్యం. కారంతటికీ ఒక పూట సరిపోదు. పైకప్పు మీదికి చేతులు చాచి రెండున్నర కిలోలు మోసేవాడు గంట గడిచేసరికి అలసి, యంత్రాన్ని తెలియకుండానే ఒకవైపు వంచుతాడు. కార్బన్ బ్రష్షులు, ప్యాడ్ బిగించే పలక ఊళ్ళో దొరుకుతాయో లేదో ముందే విచారించాలి. అవి అరిగేవే, మార్చవలసినవే. డబ్బంతా యంత్రం మీదనే వెచ్చించడం కూడా పొరపాటు. పొడి, పాలిష్ పట్టిన ప్యాడ్ త్వరగా పని మానుతుంది గనుక ఒక కారుకు అరడజను ప్యాడ్‌లైనా కావాలి. ప్యాడ్ రంగులను చూసి మెత్తదనాన్ని అంచనా వేయరాదు. ఒక సంస్థ గట్టిదానికి వేసిన రంగునే మరొకటి మెత్తనిదానికి వేస్తుంది.

సొంత కారు మీద అక్షరాభ్యాసం ఎవరూ చేయకూడదు. కోల్‌కతా మల్లిక్ బజారు, చెన్నై పుదుప్పేట వంటి పాత విడిభాగాల బజార్లలో సొట్టపడిన బానెట్ దొరుకుతుంది. దానిని కడిగి, పలక అంచున నల్లని మార్కరుతో ఒక గీత గీసి, యంత్రాన్ని నడపాలి. గీత తిరుగుతున్నంతసేపూ ప్యాడ్ పని చేస్తున్నట్లే. అది నిలిచిన క్షణం, చేయి ఎంత నొక్కరాదో తెలుస్తుంది. రెండడుగుల చదరం చొప్పున, మెల్లగా, ముందు నిలువుగా, తరువాత అడ్డంగా సాగాలి. అంచులకు మాస్కింగ్ టేపు అంటించడం మరువరాదు. ఆ బానెట్ మీదనే ఒక మూల కావాలని పూత పోయేదాకా రుద్ది చూసినవారికి, లోహం ఎప్పుడు వేడెక్కుతుందో, మెరుపు ఎప్పుడు మాసిపోతుందో కూడా అనుభవానికి వస్తుంది.

కొన్ని కార్ల విషయంలో యంత్రం బయటికి తీయకపోవడమే మంచిది. గోరు తగిలి ఆగేంత లోతైన గీత పాలిష్‌కు లొంగదు. మళ్ళీ రంగు వేసిన సెకండ్ హ్యాండ్ కారులో పూత మందం చోటుచోటుకూ మారుతుంది. మైక్రాన్లను కొలిచే గేజి లేనిదే దాని జోలికి పోరాదు. ప్లాస్టిక్ బంపర్ల మీద ఆ మామూలు గేజి కూడా పని చేయదు. పాత అంబాసిడర్ల వంటి, పై పూత లేని కార్లను మెరుగు పెడితే ప్యాడ్‌కు కారు రంగే అంటుతుంది. అది సహజమే, బెదరనక్కరలేదు. ఆధునికమైన కారు మీద అదే రంగు ప్యాడ్‌కు కనిపిస్తే మాత్రం స్విచ్ అప్పటికే ఆలస్యంగా ఆపినట్లు లెక్క.